పిల్లల లెక్క, కూలి లెక్క

పాతబస్తీ కార్ఖానాల నుంచి పిల్లల్ని విడిపించడానికి ఒక్క రాత్రి చాలు. వాళ్లు మళ్లీ అక్కడికే చేరకుండా చూసేది ఎవరు? కార్వాన్ గల్లీల్లో మొదలయ్యే ఈ ప్రశ్న కార్మిక సంఘాల చరిత్రలోకి, అంగన్‌వాడీ సమ్మెల్లోకి తీసుకెళ్తుంది.

గోల్కొండ కోట నుంచి పురానాపూల్‌కు వచ్చే పాత దారి మీద ఉంది కార్వాన్. కుతుబ్‌షాహీల కాలంలో వజ్రాల వ్యాపారులు బిడారులతో దిగింది ఇక్కడే. 1671లో మూసా ఖాన్ మహల్దార్ కట్టించిన టోలీ మసీదు ఆనాటి సంపదకు సాక్ష్యంగా ఇంకా నిలిచి ఉంది. వజ్రాలు పోయాయి గానీ సరుకు రాకపోకలు ఆగలేదు. గుడిమల్కాపూర్‌లో పూల మార్కెట్, జియాగూడలో మేకల మండీ, పక్కనే ధూల్‌పేటలో గణపతి విగ్రహాలు, పతంగులు. ఆషాఢంలో దర్బార్ మైసమ్మ బోనాలకో, రంజాన్ నెలలో రాత్రి బజార్లకో ఈ పనులు చేసేవాళ్లంతా బయటికొస్తే, ఇంతమంది ఎక్కడ కూర్చుని పనిచేస్తున్నారా అనిపిస్తుంది.

కూర్చునే చోటు చిన్నదే. ఇంటి ముందు గది, దుకాణం వెనక కొట్టు, మేడ మీద రేకుల షెడ్డు. పాతబస్తీలో దాన్ని కార్ఖానా అంటారు. నలుగురు కూర్చున్నా కార్ఖానాయే, పదిమంది కూర్చున్నా కార్ఖానాయే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మాత్రం కరెంటుతో నడిస్తే పదిమంది, కరెంటు లేకుండా నడిస్తే ఇరవై మంది ఉంటేనే ఫ్యాక్టరీగా లెక్కగట్టింది. ఎనిమిది మంది కుర్రాళ్లు నేల మీద కూర్చుని చేత్తో గాజులకు రాళ్లు అతికించే గది ఆ లెక్కలోకి రాలేదు. కాబట్టి ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ అటు తొంగిచూడలేదు. మొహమాటం లేకుండా చెప్పుకోవాలంటే, కార్మిక సంఘం నాయకుడు కూడా పెద్దగా తొంగిచూడలేదు.

2015 జనవరి చివరి వారంలో పోలీసులు చూశారు. మూసీకి అవతల భవానీనగర్, తలాబ్‌కట్ట ప్రాంతాల్లో దక్షిణ మండలం డీసీపీ వి. సత్యనారాయణ ఆధ్వర్యంలో ఇల్లిల్లూ గాలిస్తే 200 మందికి పైగా పిల్లలు బయటపడ్డారు. దాదాపు అందరూ బీహార్ వాళ్లు. గాలి ఆడని గదుల్లో పొద్దస్తమానం కూర్చుని గాజులకు రాళ్లు, మెరుపులు అతికించడం వాళ్ల పని. ఊళ్లో కన్నవాళ్ల చేతిలో దలాల్ కొంత పేష్గీ పెడతాడు. ఆ డబ్బుకు బదులు పిల్లాడు రైలెక్కుతాడు. సేఠ్ దగ్గర బాకీ ఎప్పుడు తీరుతుందో పిల్లాడికి తెలియదు, తల్లిదండ్రులకూ తెలియదు. ముందుగా డబ్బిచ్చి మనిషిని ఇలా కట్టిపడేయడం 1976 నుంచి నేరమే. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది ఆ ఏడాదే.

విడిపించిన పిల్లాణ్ని 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందు నిలబెట్టాలి. సమితిలో ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు ఉంటారు. పిల్లాడి వయసు తేల్చడం, హోముకు పంపడం, ఊరు కనుక్కోవడం, అక్కడి సమితికి అప్పగించడం అంతా వాళ్ల ఆదేశాల మీదే జరుగుతుంది. పనిలో పెట్టుకున్న యజమాని ఒక్కో పిల్లాడికి 20,000 రూపాయలు కట్టాలని సుప్రీంకోర్టు 1996 డిసెంబర్‌లో ఎం.సి. మెహతా కేసులో చెప్పింది. వెట్టి అని తేలితే తక్షణ సాయంతో పాటు పిల్లలకు రెండు లక్షల దాకా పునరావాస సొమ్ము రావాలి. అయితే 2016 నాటి పథకం ఆ పెద్ద మొత్తాన్ని యజమానికి శిక్ష పడటంతో ముడిపెట్టింది. బీహార్‌లో ఉన్న పిల్లాడు, హైదరాబాద్ కోర్టులో కేసు, మధ్యలో వాయిదాలు. సాక్ష్యం చెప్పే వేళకు పిల్లాడికి మీసాలు వస్తాయి.

2015 నుంచే జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ ఏటా జరుగుతున్నాయి. పోలీసులు, కార్మిక శాఖ, స్త్రీ శిశు సంక్షేమ శాఖ, స్వచ్ఛంద సంస్థలు కలిసి బృందాలుగా తిరుగుతాయి. నెలాఖరుకు ఒక అంకె పత్రికల్లో వస్తుంది. పోయినేడు విడిపించిన పిల్లల్లో ఈ జనవరికి ఎంతమంది బడిలో ఉన్నారన్న అంకె కూడా పక్కనే అచ్చయితే బాగుండేది. విడిపించడం లెక్కకు అందుతుంది. తిరిగి రాకపోవడాన్ని లెక్కపెట్టాలంటే ఎవరో ఒకరు ఆ గల్లీలోనే ఉండాలి.

సంఘం సమావేశానికి వచ్చిన పిల్లలు

పని చేసే పిల్లల సంగతి అందరికన్నా ముందు పట్టుకున్నవాళ్లు సామాజిక కార్యకర్తలుగా మొదలు కాలేదు. వాళ్లు యూనియన్ మనుషులు. 1970ల చివర్లో బెంగళూరులో అసంఘటిత కార్మికులను కూడగడుతున్న బృందం ఒకటి తమ సమావేశాలకు వస్తున్నవాళ్లలో చాలామంది పిల్లలేనని గమనించింది. కూలి తక్కువ, దెబ్బలు ఎక్కువ, అడిగే నోరు అసలే లేదు. వాళ్ల తరఫున బేరమాడదామంటే చట్టం అడ్డం. 1926 నాటి కార్మిక సంఘాల చట్టం ప్రకారం 15 ఏళ్లు నిండితే తప్ప సభ్యత్వం ఉండేది కాదు. పదేళ్లవాడు పని చేయవచ్చు, పని గురించి మాట్లాడకూడదు.

ఆ బృందంలో ముఖ్యురాలు నందనా రెడ్డి. తెలుగు సాహిత్యం చదివినవాళ్లకు ఆమె ఇల్లు పరిచయమే. తండ్రి 1939లో ‘ఫిడేలు రాగాల డజన్’తో తెలుగు కవిత్వాన్ని ఉలిక్కిపడేలా చేసిన నెల్లూరు పఠాభి, ‘సంస్కార’ సినిమా తీసిన తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి. తల్లి స్నేహలతా రెడ్డి ఎమర్జెన్సీలో బెంగళూరు జైల్లో ఉబ్బసంతో నలిగి, విడుదలైన కొద్ది రోజులకే 1977 జనవరిలో కన్నుమూసిన నటి. కూతురు, ఆమె సహచరుడు దామోదర్ ఆచార్య మరికొందరితో కలిసి పని చేసే పిల్లల కోసం సంస్థ పెట్టారు. 1985లో ఒక చట్టం ముసాయిదా కూడా రాశారు. మరుసటి ఏడాది కేంద్రం తెచ్చిన బాలకార్మిక చట్టానికి ఆ ముసాయిదా ఒక ప్రేరణ. 1990లో పని చేసే పిల్లలే సభ్యులుగా భీమ సంఘం పుట్టింది. 1996లో కుందాపురలో వివిధ దేశాల బాలకార్మికులు సమావేశమై తమ డిమాండ్లు తామే రాసుకున్నారు. పిల్లల గురించి నిర్ణయాలు పిల్లల్ని అడక్కుండా తీసుకోవద్దన్నది వాళ్ల పట్టు.

ఇక రెండో దారి. అదీ నెల్లూరుతో బంధం ఉన్నదే. చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్య మనవరాలు శాంతా సిన్హా పుట్టింది నెల్లూరులో. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం బోధిస్తూ, 1980లలో శ్రామిక విద్యాపీఠం బాధ్యతల్లో వెట్టి కూలీలను కూడగట్టే పనికి దిగారామె. అక్కడ కనిపించిందీ అదే దృశ్యం. విడుదల కావలసిన వెట్టివాళ్లలో పెద్ద భాగం పిల్లలు. తాతగారి పేరిట 1981లో ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లా ఊళ్లలో పిల్లల్ని పని మాన్పించి, శిబిరాల్లో కొన్నాళ్లు చదివించి, వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టడం మొదలుపెట్టింది. బడికి వెళ్లని ప్రతి పిల్లా పిల్లాడూ బాలకార్మికులే అన్నది వాళ్ల సూత్రం. ప్రమాదకరమైన పని, ప్రమాదం లేని పని అన్న తేడా వాళ్లు ఒప్పుకోరు. పేదరికం కారణంగా చెప్పడాన్ని అసలే ఒప్పుకోరు. ఈ పనికి 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఏర్పడినప్పుడు తొలి అధ్యక్షురాలు కూడా శాంతా సిన్హాయే.

ఒకరు పిల్లలకు యూనియన్ కావాలన్నారు. ఇంకొకరు పిల్లలకు బడి తప్ప మరేమీ వద్దన్నారు. ఏళ్ల తరబడి ఈ రెండు పక్షాల మధ్య సదస్సుల్లో వాదం నడిచింది. కార్వాన్‌లో నిలబడి చూస్తే మాత్రం ఎవరి మాట ఎక్కడ పనికొస్తుందో తెలుస్తుంది. ఆరేళ్ల పిల్ల ఇంట్లో అగరుబత్తీ చుడుతుంటే సిన్హా మాటకు తిరుగులేదు. ఊరుగాని ఊళ్లో పదిహేనేళ్ల కుర్రాడు పేష్గీ కింద ఇరుక్కుంటే, అతనికి ముందు కావలసింది తన మాట వినే మనిషి.

గేటు దగ్గర ఆగిన జెండా

హైదరాబాద్‌కు యూనియన్ సంప్రదాయం తక్కువేమీ కాదు. మూసీ ఒడ్డునే ఉన్న సిటీ కాలేజీలో పాఠాలు చెప్పిన మఖ్దూం మొహియుద్దీన్ 1941లో ఆ ఉద్యోగం వదిలి కార్మికుల్లోకి వెళ్లారు. రాజ్‌బహదూర్ గౌర్ వంటివాళ్లతో కలిసి మిల్లుల్లో, సిగరెట్ ఫ్యాక్టరీలో సంఘాలు కట్టారు. నిజాం రాజ్యంలో ఎర్రజెండా ఎగిరింది ఫ్యాక్టరీ గేట్ల మీద. గేటే లేని కార్ఖానాకు ఆ జెండా ఎలా చేరాలన్నది అప్పుడూ తేలలేదు, తర్వాతా తేలలేదు.

సంఘాల వాదన ఒకటుంది. పెద్దవాళ్లకు సరైన కూలి ఇప్పిస్తే పిల్లలు పనికి రారు కదా అని. వినడానికి న్యాయంగానే ఉంది. ఆ కూలి వచ్చేదాకా పిల్లాడు ఏం చేయాలన్నదే చిక్కు. అమెరికన్ పరిశోధకుడు మైరన్ వీనర్ 1991లో భారతదేశంలో బాలకార్మికుల మీద పుస్తకం రాస్తూ, అధికారులు, చదువుకున్నవాళ్లు, కార్మిక సంఘాలు ఎవరూ నిర్బంధ విద్య కోసం పట్టుబట్టలేదని గట్టిగానే అన్నాడు. ఆ మాట చాలామందికి గుచ్చుకుంది. గుచ్చుకోవలసిందే.

అదే ఏడాది జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పని చేస్తున్న పిల్లలు 16.6 లక్షలు. 2001కి 13.6 లక్షలు. 2011కి నాలుగు లక్షల పైచిలుకు. ఇవి 5 నుంచి 14 ఏళ్ల పిల్లల అంకెలు. ఇరవై ఏళ్లలో ఇంత తగ్గడానికి బడులు, హాస్టళ్లు, మధ్యాహ్న భోజనం కారణం. దాంతో పాటు సంఘాల లోపల కొంత కదలిక కూడా వచ్చింది. ప్రభుత్వ ఉపాధ్యాయులు బాల కార్మిక విమోచన వేదికగా ఏర్పడి సెలవుల్లో ఇల్లిల్లూ తిరిగారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000 దశకం మొదట్లో రాష్ట్రంలో చేపట్టిన కార్యక్రమం కింద, మే డే నాడు కూడా ఒకే వేదిక ఎక్కని సంఘాలు బాలకార్మిక వ్యవస్థ నిర్మూలన కోసం ఒక సమాఖ్యగా కలిశాయి. విదేశీ నిధుల ప్రాజెక్టు ముగిశాక ఆ ఊపు నిలవలేదు. ప్రాజెక్టుల తీరే అంత.

పనిచేసే చోటు కూడా మారింది. 2016 సవరణ 14 ఏళ్లలోపు పిల్లలతో ఏ పనీ చేయించకూడదంది. అదే చేత్తో, బడి వేళల తర్వాత కుటుంబ పనిలో సాయం చేయవచ్చని మినహాయింపు ఇచ్చింది. పాతబస్తీలో దాని అర్థం ఏమిటో ఎవరినడిగినా చెబుతారు. కార్ఖానాలో దాడులు జరిగితే గాజులు సంచిలో పడి ఇంటికి వస్తాయి. తల్లి డజనుకు ఇంతని తీసుకుంటుంది. డజన్లు పెరగాలంటే పిల్లలు కూర్చోవాలి. ఇంట్లో కూర్చున్నవాళ్లు ‘సాయం’ చేస్తున్నట్టు లెక్క. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గుర్తింపు కళకు వచ్చింది. డజను రేటుకు మాత్రం ఏమీ రాలేదు.

టీచరమ్మ సమ్మె

గల్లీలో రోజూ ఉండే మనిషి ఎవరన్న ప్రశ్నకు ప్రభుత్వం దగ్గర ఒక జవాబుంది. అంగన్‌వాడీ టీచర్. 1975 అక్టోబర్ 2న దేశంలో 33 చోట్ల మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం ఇప్పుడు తెలంగాణలో దాదాపు 35,700 కేంద్రాలుగా విస్తరించింది. నగరంలో చాలావరకు అద్దె గదులే. ఒక మూల పొయ్యి, ఒక మూల బియ్యం బస్తాలు, మిగిలిన జాగాలో పిల్లలు. ఏ ఇంట్లో కాన్పు అయింది, ఎవరి బిడ్డ బరువు తగ్గింది, ఎవరింట్లో పద్నాలుగేళ్ల పిల్లకు సంబంధం చూస్తున్నారు, ఆరేళ్లు నిండినా బడి మొహం చూడనిది ఎవరు, అన్నీ ఆమె రిజిస్టర్‌లో ఉంటాయి, లేదా మనసులో ఉంటాయి. బాలల రక్షణ వ్యవస్థలో జిల్లా కార్యాలయం, సమితి, 1098 హెల్ప్‌లైన్ అన్నీ ఆమె కన్ను మీద ఆధారపడినవే.

ఆ హెల్ప్‌లైన్ కూడా 1996లో ముంబైలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ క్షేత్ర కార్యక్రమంగా పుట్టి, పాతికేళ్లకు పైగా స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల కాళ్ల మీద నడిచింది. 2023లో దాన్ని రాష్ట్ర ప్రభుత్వ శాఖలకు అప్పగించి అత్యవసర నంబర్ 112తో కలిపారు. బాలకార్మికుల ప్రత్యేక పాఠశాలలు నడిపిన జాతీయ పథకం 2021లో సమగ్ర శిక్షలో కలిసిపోయింది. పథకాలు కలుస్తాయి, విడిపోతాయి. వాటిలో పనిచేసిన గౌరవ వేతనం మనుషులకు ప్రావిడెంట్ ఫండ్ కూడా ఉండదు.

అంగన్‌వాడీ టీచర్‌దీ గౌరవ వేతనమే. 2023లో తెలంగాణలో అది నెలకు 13,650 రూపాయలు, ఆయాకు 7,800. ఆ ఏడాది సెప్టెంబర్ 11న సీఐటీయూ, ఏఐటీయూసీ సంఘాల పిలుపుతో టీచర్లు, ఆయాలు సమ్మెకు దిగారు. 26,000 కనీస వేతనం, గ్రాట్యుటీ, ఉద్యోగ భద్రత కావాలన్నారు. అడగడానికి ఆధారాలు ఉన్నాయి. వాళ్లను కార్మికులుగా గుర్తించాలని 2013లోనే 45వ భారత కార్మిక సదస్సు సిఫారసు చేసింది. గ్రాట్యుటీ చట్టం వాళ్లకూ వర్తిస్తుందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గుజరాత్ కేసులో తీర్పిచ్చింది. మూడు వారాలకు పైగా కేంద్రాలకు తాళాలు పడ్డాయి. అక్టోబర్ మొదట్లో చర్చల తర్వాత సమ్మె ఆగింది. డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ వంతు. అక్కడ సమ్మె 42 రోజులు సాగింది. 2024 జనవరి 6న ప్రభుత్వం అత్యవసర సేవల చట్టం ఎస్మాను ప్రయోగించింది. అత్యవసర సేవ అని అప్పుడు గుర్తొచ్చింది. జీతం అడిగినప్పుడు వాళ్లవి స్వచ్ఛంద సేవలు.

సమ్మె రోజుల్లో పిల్లలకు గుడ్డు లేదు, బాలింతకు పాలు లేవు. 2015 నుంచి తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు పెట్టే ఒక పూట భోజనం ఆగింది. ఇది చిన్న విషయం కాదు. పిల్లల్ని ఆకలితో పెట్టి బేరమాడుతున్నారన్న మాట టీచర్లకు తగిలింది కూడా. మిల్లులో సమ్మె చేస్తే యజమాని నష్టపోతాడు. అంగన్‌వాడీలో సమ్మె చేస్తే నష్టపోయేది ఎదురింటి పిల్ల. సంరక్షణ పనిలో ఉన్న ప్రతి సంఘానికీ ఈ బరువు తప్పదు. అలాగని నిందను ఆమె మీదికి నెట్టేయడం అన్యాయం. తన పిల్లల ఫీజు కట్టలేని మనిషి చేతికి గల్లీ పిల్లలందరి రక్షణ అప్పగించి, ఆమెను ఉద్యోగి అనకపోవడమే అసలు తిరకాసు.

కూలి ఒక్కటే కాదు, భద్రత కూడా ఉంది. బాల్యవివాహం గురించి ఫోను చేసిన టీచర్ సాయంత్రం అదే గల్లీలో ఇంటికి నడిచి వెళ్లాలి. రాజస్థాన్‌లో భన్వరీ దేవి కథ దేశానికి తెలుసు. ఆమె ప్రభుత్వ పథకంలో గౌరవ వేతనం మీద పనిచేసిన ‘సాథిన్’. బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు 1992లో సామూహిక అత్యాచారానికి గురైంది. ఆ కేసు నేపథ్యంలోనే 1997 విశాఖ తీర్పు వచ్చింది, పనిచేసే చోట మహిళలకు రక్షణ నిబంధనలు వచ్చాయి. ఆ నిబంధనలకు దారితీసిన స్త్రీని ప్రభుత్వం పూర్తి స్థాయి ఉద్యోగిగా ఎన్నడూ చూడలేదు. పాతబస్తీలోనూ పెళ్లి పేరిట పిల్లల్ని అమ్మే ముఠాలు కొత్తవి కావు. 2017 సెప్టెంబర్‌లో ఒమన్, ఖతార్ జాతీయులు ఎనిమిది మందితో పాటు ఖాజీలు, దలాల్‌లు అరెస్టయ్యారు. సుల్తాన్‌షాహీలో జమీలా నిషాత్ 2002 నుంచి నడుపుతున్న షాహీన్ సంస్థ లాంటివి ఇలాంటి ఇళ్ల తలుపులు ఏళ్లుగా తడుతున్నాయి. సంస్థ అండ ఉన్నవాళ్లకే బెదిరింపులు తప్పనప్పుడు ఒంటరి టీచరమ్మ సంగతి చెప్పేదేముంది.

భద్రతతో పాటు పనిభారం కూడా ఉంది. బ్రిటన్‌లో 2000లో విక్టోరియా క్లింబీ అనే ఎనిమిదేళ్ల పిల్ల బంధువుల చిత్రహింసలకు చనిపోయింది. విచారణ జరిపిన లార్డ్ లామింగ్ కమిటీ, ఆ పిల్ల కేసు చూసిన సామాజిక కార్యకర్త చేతిలో నిర్ణయించిన పరిమితికి మించి కేసులు ఉన్నాయని తేల్చింది. ఒక మనిషి ఎందరు పిల్లల్ని చూడగలదన్నది అక్కడ యూనియన్లు టేబుల్ మీద పెట్టే డిమాండ్. మన దగ్గర ఆ మాట ఇంకా సమ్మె డిమాండ్ల జాబితాలోకి రాలేదు. సర్వేలు, ఎన్నికల విధులు, రెండు మూడు ఫోన్ యాప్‌లు, వాటి మధ్యలో పిల్లలు.

పిల్లల్ని బడిలో చేర్పించే బడిబాట జూన్‌లో జరుగుతుంది. ఉపాధ్యాయులు, అంగన్‌వాడీలు జాబితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ఆ జాబితాలన్నీ కుటుంబం వారీగా తయారైనవి. బీహార్ నుంచి ఒంటరిగా వచ్చిన కుర్రాడికి ఇక్కడ తల్లి లేదు, రేషన్ కార్డు లేదు, అతని పేరు ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. అతన్ని రోజూ చూసేది పక్కన కూర్చున్న పెద్ద కారీగర్ ఒక్కడే. కుర్రాడు చవగ్గా దొరికినంతకాలం డజను రేటు పెరగదని కారీగర్‌కు తెలుసు. సంఘం నమోదుకు ఏడుగురి సంతకాలు ఉంటే చాలు. ఆ ఏడుగురూ వలస వచ్చినవాళ్లే, పీస్ రేటు మీద బతికేవాళ్లే, రాత్రి పడుకునేది ఆ కార్ఖానాలోనే. సంతకం పెట్టిన మర్నాడు వాళ్లు ఎక్కడ పడుకోవాలన్నది ఏ సంఘమూ ఇంతవరకు తేల్చలేదు.